పన్నెండో రీలు, చప్పుడు లేకుండా

నా చిన్నప్పుడు మా ఊరి సినిమా హాల్లో కుర్చీలు తొంభై ఆరు, బెంచీలు ఇరవై ఎనిమిది. బెంచీకి ఆరుగురు. నేల మీద ఎంతమంది పడితే అంతమంది. ఈ లెక్క నేను వేసిందే. పదకొండో ఏట, ఒక్కొక్క వరసా వేలితో చూపించుకుంటూ వేశాను. రెండోసారి వేసి సరిచూసుకున్నాను కూడా. ఆ హాలు ఇప్పుడు లేదు. అక్కడ రొయ్యల మేత గోడౌను కట్టారు.

మా బాబాయి, అంటే మా నాన్న తమ్ముడు, ఆ హాల్లో ఆపరేటరు. పైన చిన్న గదిలో రెండు మిషన్లు ఉండేవి. ఒకదాంట్లో రీలు అయిపోతుండగా రెండోది తిప్పాలి. రీలుకి సుమారు పదకొండు నిమిషాలు. మా ఇల్లు హాలు వెనకే ఉండేది. హాలు గోడకీ మా పెరటికీ మధ్య పదడుగుల సందు. కొత్త బొమ్మ వచ్చిన మూడో రోజుకి నాకు బొమ్మ చూడకుండానే సంగీతం అంతా తెలిసిపోయేది. ఎక్కడ వయొలిన్లు లేస్తాయో, ఎక్కడ డప్పులు మోగుతాయో చెప్పగలిగేదాన్ని. ఆ చప్పుడును బట్టే మా అమ్మ పొయ్యి మీద అన్నం పడేసేది.

నా పదకొండో ఏట శ్రావణంలో మా నాన్నకి జ్వరం వచ్చింది. నాలుగు రోజులు ఉంది. ఐదో రోజు పొద్దున తణుకు ఆసుపత్రి నుంచి వ్యానులో తీసుకొచ్చి వీధి వసారాలో పడుకోబెట్టారు.

నేను ఏడవలేదు. ఏడుపు ఆపుకున్నానని కాదు, రాలేదు. చెయ్యి తిమ్మిరెక్కినప్పుడు గిల్లితే ఎవరిదో చెయ్యి గిల్లినట్టు ఉంటుంది. నాకు ఒళ్లంతా అలాగే ఉంది. మా నాన్న పాదాలు చూస్తూ నిలబడ్డాను. ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియక వచ్చినవాళ్లను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మధ్యాహ్నానికి నూట ముప్పై నాలుగు మంది. నాకు లెక్కల అలవాటు ఎప్పుడు మొదలైందని ఎవరైనా అడిగితే ఆ రోజేనని చెప్పగలను, కానీ ఎవరూ అడగరు.

మా మేనత్త శోకాలు పెట్టి ఏడుస్తోంది. మధ్యలో ఆగి, ముక్కు తుడుచుకుని, నా వైపు చూసింది. "కన్నకూతురి కంట చుక్క నీరు లేదు చూశారా అమ్మా! ఇదేం రాయో!" అంది. ఆవిడ చెడ్డది కాదు. అన్న పోయాడు, నోటికొచ్చింది అనేసింది. కానీ ఆ మాట నిలబడిపోయింది. పదకొండో రోజు పెద్దకర్మకి భోజనాలు చేసి వెళ్లినవాళ్లు దాన్ని తమ తమ వీధులకి తీసుకెళ్లారు. ఆ తర్వాత బడిలో, కొట్టు దగ్గర, బోరింగు దగ్గర, నన్ను చూడగానే ఆడవాళ్లు గొంతు తగ్గించేవాళ్లు. నేను మాత్రం అన్నం తింటున్నాను, నిద్రపోతున్నాను, ఎక్కాలు అప్పజెబుతున్నాను. అదే నాకు భయంగా ఉండేది. భయం అనడం కూడా ఎక్కువేమో. ఒక అనుమానం. మేనత్త చెప్పింది నిజమేనేమో అని అప్పుడప్పుడు నన్ను నేను గిల్లి చూసుకునేదాన్ని.

వినాయక చవితి వెళ్లాక మా హాల్లో ఒక సినిమా వేశారు. అందులో హీరో ఎవరో ఇప్పుడు ఎవరికీ పట్టదు. ఆ రోజుల్లో మా ఊళ్లో జనం ఆ సినిమాకి సంగీత దర్శకుడి పేరు చెప్పుకుని వచ్చారు. అలా రావడం మాకు కొత్త. తెర మీద ఆయన పేరు పడితే ఈలలు, కాగితం ముక్కలు. హాలు ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో రోజూ మ్యాట్నీ ముందూ, మ్యాట్నీ తర్వాతా ఆయన గురించే గొడవ.

ఒక పక్షానికి పెద్ద, రైసు మిల్లు గుమాస్తా గారు. మనిషి సన్నం, గొంతు లావు. ఇంట్లో టేప్ రికార్డరు ఉన్న నలుగురిలో ఆయనొకరు. రెండో పక్షానికి చర్చిలో హార్మోనియం వాయించే మాస్టారు. గుమాస్తా గారు ఆ సినిమా ఏడుసార్లు చూశారు, మాస్టారు తొమ్మిదిసార్లు. నచ్చనిదాన్ని తొమ్మిదిసార్లు ఎందుకు చూశారని హోటలాయన అడిగితే, "తప్పులు పట్టాలంటే చూడాలి కదండీ" అన్నారట.

బాబాయికి క్యారియరు ఇవ్వడానికి రోజూ ఆ హోటలు ముందు నుంచే వెళ్లేదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం వెళ్తుంటే గొడవ మంచి పాకంలో ఉంది.

"పాటలకేముందండీ, ట్యూన్లు ఎవరైనా కడతారు," అంటున్నారు గుమాస్తా గారు. "మాట లేని చోట ఏం వాయించాడో అది చెప్పండి మీరు."

"మాట లేని చోట ఊరుకోవాలండి. ఊరుకోవడం చేతకాక వాయిస్తున్నాడు మీవాడు."

"ఏవండోయ్ మాస్టారూ, పన్నెండో రీల్లో తండ్రి పోయే సీను చూశారా అసలు? హాలు హాలంతా ముక్కులు చీదుతుంటే!"

"ఉల్లిపాయలు తరిగినా చీదుతారండి. మా ఇంటావిడ రోజూ నన్ను ఏడిపిస్తుంది. ఆవిడక్కూడా దండ వేస్తారేంటి?"

అందరూ నవ్వారు. గుమాస్తా గారికి కోపం వచ్చింది. గ్లాసు బల్ల మీద పెట్టి, "రాయిని కూడా కరిగిస్తాడండి మావాడు! రాయిని!" అన్నారు.

అప్పుడు హోటలాయన, కాఫీ తిరగబోస్తున్నవాడు, గడ్డంతో నా వైపు చూపించాడు. "అయితే ఇంకేంటండీ, రాయి అటే వెళ్తోంది. ఆపరేటరు గారి అన్నగారి పిల్ల. తండ్రి పోతే కన్ను తడవలేదంట. ఆ పిల్లకి చూపించండి, తేలిపోద్ది."

అందరూ నా వైపు తిరిగారు. ఆ క్షణంలో వాళ్లలో ఒక్కరైనా వద్దని ఉంటే అక్కడితో అయిపోయేది. కానీ వాళ్లు ఆరు రోజులుగా ఒకే మాట మీద కొట్టుకుంటున్నారు. తేల్చే దారి ఒకటి కనిపించేసరికి ఆ దారి ఒక చిన్నపిల్ల అన్న సంగతి వాళ్లకి తోచలేదు. గుమాస్తా గారు బయటికి వచ్చి, ఎంతో మర్యాదగా, "సినిమా చూస్తావా అమ్మాయ్? పన్నెండో రీలు దాకా చూస్తే చాలు" అన్నారు.

ఎందుకు పిలుస్తున్నారో నాకు పూర్తిగా తెలుసు. అయినా చూస్తానన్నాను. ఆ సంగతి తేలాలని వాళ్లకంటే నాకే ఎక్కువగా ఉంది. రాయినో కాదో ఎవరైనా పరీక్ష పెట్టి చెబితే బాగుండునని అప్పటికి చాలా రోజులుగా అనుకుంటున్నాను.

మా హాల్లో మగవాళ్లకీ ఆడవాళ్లకీ మధ్య నడుమెత్తు గోడ ఉండేది. నన్ను ఆడవాళ్ల వైపు ఆ గోడ పక్కనే, మూడో బెంచీ చివర కూర్చోబెట్టారు. గోడ అవతల గుమాస్తా గారు, మాస్టారు, ఇంకో నలుగురు. మా బాబాయికి ఇదేమీ తెలియదు.

పన్నెండో రీలు సగంలో మాటలు ఆగిపోతాయి. తండ్రి నులక మంచం మీద ఉంటాడు. బయట వాన. కూతురు గడప దగ్గర నిలబడి ఉంటుంది. తర్వాత నాలుగు నిమిషాలు ఒక్క మాట ఉండదు. ఒక వయొలిన్ మొదలవుతుంది. అది మూడుసార్లు పైకి వెళ్లబోయి మూడుసార్లూ కిందికి దిగుతుంది. మూడోసారి దిగేటప్పుడు వేణువు అందుకుంటుంది. ఇది నాకు మా పెరట్లోంచే తెలుసు. ఇప్పుడు హాల్లో, పెద్ద స్పీకర్ల దగ్గర కూర్చుని వింటున్నా, గోడ అవతలి నుంచి వింటున్నట్టే ఉంది. బాగుందని తెలుస్తోంది. ఎందుకు బాగుందో కూడా తెలుస్తోంది. నా పక్క నుంచి వెళ్లిపోతోంది.

గోడ మీదుగా ఆరు ముఖాలు నా వైపు తిరిగి ఉన్నాయి. గుమాస్తా గారి చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. వాటిని తుడుచుకోకుండా, మందు వేసి రోగిని చూస్తున్న డాక్టరులా నన్ను చూస్తున్నారు. నేను ఆయన కోసమైనా ఏడవాలనుకున్నాను. రెప్ప వెయ్యకుండా తెర వైపు చూశాను. కళ్లు మండాయి అంతే. చేసేది లేక పైటలు కళ్లకి పెట్టుకున్నవాళ్లను లెక్కపెట్టాను. నాకు కనిపించినంతలో యాభై ఇద్దరు.

రీలు మారింది. గుమాస్తా గారు ముఖం తుడుచుకుని మాస్టారితో మెల్లగా, అయినా నాకు వినిపించేలాగే అన్నారు, "ఈ పిల్లని లెక్కలో వెయ్యకూడదండి. ఇది వేరే." మాస్టారు గెలిచినట్టే కదా, కానీ ఆయన తల దించుకుని లేచి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున క్యారియరు తీసుకెళ్తే బాబాయి రీలు చేత్తో వెనక్కి చుడుతున్నాడు. నేను మామూలుగానే చెప్పాను. "నేను రాయినే బాబాయ్. నిన్న పరీక్ష పెట్టి చూశారు."

బాబాయి చెయ్యి ఆగింది. ఎవరు, ఎక్కడ, ఎలా అని అడిగాడు. అన్నీ వరసగా చెప్పాను, యాభై ఇద్దరితో సహా. బాబాయి కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. మళ్లీ చుట్టడం మొదలుపెట్టి, ఆ రీలు పూర్తిచేశాడు. తర్వాత హోటలుకి వెళ్లి, "రేపు పొద్దున పదింటికి రండి. పన్నెండో రీలు మీ కోసం ప్రత్యేకంగా వేస్తాను" అని చెప్పి వచ్చాడు.

ఆరుగురూ వచ్చారు. గుమాస్తా గారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. బాబాయి నన్ను పైన మిషను గదిలో, కిటికీ కంతకి కళ్లు అందేలా సినిమా పెట్టె మీద కూర్చోబెట్టాడు. మిషనులో వెలుతురు కోసం కాల్చే కార్బన్లు ఆటకిన్ని అని లెక్క ఉంటుంది. బాబాయి అవి ముట్టుకోకుండా, అరిగిపోయి పక్కన పడేసిన పొట్టి ముక్కలు ఏరి బిగించాడు. రీలును సగం దాకా తిప్పి పెట్టాడు. దీపం వెలిగించాడు. సౌండు మీట మాత్రం పైకెత్తలేదు.

తెర మీద బొమ్మ పడింది. మంచం, వాన, తండ్రి, గడప దగ్గర పిల్ల. మిషను టకటకలాడుతోంది. కింద పిచ్చుకలు అరుస్తున్నాయి. వయొలిన్ లేదు. తండ్రి వేషం వేసినాయన గొంతు కదులుతోంది, చెయ్యి లేస్తోంది, పడుతోంది. పిల్ల తలుపు చెక్కని గోటితో గీకుతోంది. వెనకాల, వాన పడుతున్న వాకిట్లో, ఒక కోడి అటు నుంచి ఇటు నడిచింది. అన్నేసి సార్లు చూసినవాళ్లలో ఎవరూ అంతకుముందు ఆ కోడిని చూడలేదు.

"కోడెక్కడిదండీ ఇందులో?" అని ఎవరో అన్నారు. ఇంకొకరు కిసుక్కున నవ్వారు. ఒకాయన ఆవులించాడు.

గుమాస్తా గారు వెనక్కి తిరిగి పైకి చూశారు. "ఏవండీ ఆపరేటరు గారూ! సౌండు రావట్లేదండీ!"

బాబాయి మీట ముట్టుకోలేదు. నాలుగు నిమిషాలూ అలాగే నడిపించాడు. తండ్రి పోయాడు. పిల్ల అలాగే నిలబడింది. రీలు అయిపోయింది. తెల్లటి తెర మిగిలింది.

నన్ను చెయ్యి పట్టుకుని కిందికి తీసుకెళ్లాడు. వాళ్ల ముందు నిలబడి, ఆట టైము చెబుతున్నట్టుగా చెప్పాడు.

"అయిపోయిందండి. నేను పైనుంచి మీ ఆరుగురినీ చూశానండి. ఒక్కరి కన్ను కూడా తడవలేదు. ఒకాయన నవ్వారు కూడాను. మరి మీ ఆరుగురూ రాళ్లనుకోమంటారా అండీ?"

బాబాయి నా చెయ్యి వదలకుండానే అన్నాడు.

"మా అన్నయ్య పోయిన రోజు మా ఇంట్లో ఎవరూ ఏమీ వాయించలేదండి. ఇంతే ఉంది. మీరిప్పుడు చూసినంతే."

ముందు మాస్టారు లేచారు. నా తల మీద చెయ్యి పెట్టి తీసేశారు. గుమాస్తా గారు లేచి నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు తడబడి, "తప్పయిపోయిందమ్మా" అన్నారు. నిజంగానే అన్నారు. కానీ ఆయన ఆయనే కదా. గుమ్మం దాటకముందే పట్టలేకపోయారు.

"అది సరేగానీ చూశారా మాస్టారూ, ఆయన లేకపోతే ఆ సీన్లో ఏముందండీ? ఏమీ లేదు!"

"ఆయ్! నేను చెప్తున్నదీ అదేనండి బాబూ! ఆ సీన్లో ఏమీ లేదనే!"

ఇద్దరూ ఒకే మాట అంటూ, ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ రోడ్డు దాటి హోటల్లోకి వెళ్లారు. నాన్న పోయినప్పటి నుంచి నేను చూడని పని ఒకటి బాబాయి అప్పుడు చేశాడు. కొంచెం నవ్వాడు.

మేము పైకి వెళ్లాం. బాబాయి రీలు విప్పుతుంటే అడిగాను, నాన్న పోయినప్పుడు నీకు ఏడుపొచ్చిందా అని.

"లేదమ్మడూ," అన్నాడు. రీలు డబ్బాలో పెట్టి చెప్పాడు. "అన్నయ్యని సాగనంపి, స్నానం చేసి, ఆ సాయంత్రం ఆట నేనే వేశాను. వెయ్యడానికి వేరే మనిషి లేడు. రీలు చివర తెర కుడి మూలన ఒక చుక్క పడుతుంది. అది పడగానే రెండో మిషను తిప్పాలి. ఆ సాయంత్రం ఒక్క చుక్క కూడా తప్పలేదు నేను. ఇంటికొచ్చి పడుకున్నాక, ఇదేంటి, ఒక్కటైనా తప్పలేదేంటి అనుకున్నాను."

"మరి ఎప్పుడొస్తుంది?"

"రావచ్చు. రాకపోవచ్చు. రాకపోతే మీ నాన్న అంటే నీకు లేదని కాదు."

ఆ మాటతో నాకు ఏడుపు పొంగుకొచ్చిందని రాస్తే బాగుంటుంది. రాలేదు. తేలికగా కూడా అనిపించలేదు. ఇంటికి వెళ్లి అన్నం తిన్నాను. మా మేనత్త ఆ తర్వాత కూడా రెండు మూడుసార్లు ఆ మాట అంది. విన్నాను. కానీ ఆ రోజు నుంచి నన్ను నేను గిల్లి చూసుకోవడం మానేశాను.

పదో తరగతితో నా చదువు ఆగింది. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. ఇప్పుడు భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల వాళ్లు నాకు ఫోను చేస్తారు, ఎకరానికి ఎన్ని పిల్లలు వదలాలి, ఏ వయసుకి ఎంత మేత వెయ్యాలి అని. చెరువు అడుగున రొయ్య కనపడదు. పళ్లెంలో మేత దించి, రెండు గంటలాగి పైకి లాగి, మిగిలిన మేతను బట్టి లోపల ఎంత ఉందో అంచనా కడతాం. చాలాసార్లు సరిపోతుంది. మబ్బు పట్టిన రోజు సరిపోదు. రొయ్య ఉంటుంది, తినదు. అది తెలియని కొత్తవాళ్లు, చెరువు పోయిందండీ అని గోల పెడతారు. ఆగండి, ఇవాళ పళ్లెం మాట నమ్మకండి అని చెబుతాను. పైకి కనిపించేదాన్ని కొలవడం తేలిక కాబట్టి మనం దాన్నే కొలుస్తాం. అందులో తప్పు లేదు. అది కొలిచి మొత్తం తెలిసిపోయిందనుకోవడంలోనే ఉంది తప్పు.

ఆ సంగీత దర్శకుడి గురించి ఇప్పటికీ గొడవలు జరుగుతున్నాయి. అప్పుడు హోటల్లో, ఇప్పుడు ఫోన్లలో. గుమాస్తా గారి మనవడు ఒక గ్రూపు పెట్టి నన్ను కూడా చేర్చాడు. ఆ సంగీత దర్శకుడే గొప్పవాడని సగం మంది, ఆయనకంటే ముందు తరం దర్శకుడు గొప్పని సగం మంది. నేను ఏ పక్షమూ మాట్లాడను. నా మటుకు నాకు ఆయన గొప్పవాడే. ఆ వయొలిన్ని ఇప్పుడు కూడా మొత్తం కూనిరాగం తియ్యగలను. అంతమందిని ఒకే క్షణాన ఏడిపించడం చిన్న పనేమీ కాదు. ఏడుపు రానివాళ్ల లెక్క ఆయన చూసుకోవాల్సింది కాదు.

పోయిన ఏడు ఎండల్లో మా బాబాయి పోయాడు. కబురు తెలిసి వెళ్లాను. పాదాల దగ్గర నిలబడ్డాను. నాకు ఏడుపు రాలేదు. పక్కనున్నావిడ నా ముఖం వైపు చూసి, తర్వాత చూపు తిప్పుకుంది. దానికి నాకేమీ అనిపించలేదు. పిన్ని చుట్టూ చాలామంది ఉన్నారు. ఆవిడ ఏడుస్తోంది, వాళ్లు పట్టుకుంటున్నారు. నేను బాబాయి కొడుకు కోసం చూశాను. ముప్పై ఎనిమిదేళ్లవాడు. లోపల ఎక్కడా లేడు.

పెరట్లో కుళాయి దగ్గర ఉన్నాడు. ఇంట్లో ఉన్న బిందెలన్నీ తెచ్చి ఒక్కొక్కటీ నింపి గోడ వారగా పెడుతున్నాడు. అప్పటికే అక్కర్లేనన్ని నిండి ఉన్నాయి. కళ్లు పొడిగా ఉన్నాయి. గుమ్మంలోంచి ఇద్దరు వాణ్ని చూసి ఏదో అనుకుని లోపలికి వెళ్లారు. వాడు అది గమనించాడు. నన్ను చూసి, "నీళ్లు మళ్లీ రావక్కా, పదింటికే ఆపేస్తారు" అన్నాడు, తప్పు చేస్తూ దొరికిపోయినట్టు.

"అవును," అన్నాను. నిండిన బిందెని పక్కకి జరిపి, ఖాళీది తీసి కుళాయి కింద పెట్టాను.